వామన్‌రావు గారి డేటా

వామన్‌రావు పరిశోధన చేస్తున్నాడని నాంపల్లిలో వాళ్ల గల్లీకంతా తెలుసు. తెలియకేం? పదేళ్లుగా అందరి చెవులూ చిల్లులు పడేలా చెబుతూనే ఉన్నాడు. అబిడ్స్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఈ మహానుభావుడి అంశం ‘సమాజంపై సోషల్ మీడియా ప్రభావం’. డాక్టరేటు ఇంకా రాలేదు గానీ, గేటుకు ‘పరిశోధకుడు’ అని ఇత్తడి బోర్డు మాత్రం ఎక్కింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ బోర్డును చింతపండుతో తోమే పని భార్య అహల్యది. తోమినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మే జనం ఉత్త గొర్రెల మంద అని రోజూ అన్నం ముందు కూర్చుని తిట్టేవాడు. అలాంటివాడు డిసెంబరులో, తనకెవరో పంపిన వీడియోను వెనకాముందు చూడకుండా కాలనీ గ్రూపులోకి తోసేశాడు. అందులో ఎవడో పిండిని కాళ్లతో తొక్కుతున్నాడు. కింద ‘నాంపల్లి బేకరీలో దారుణం’ అని రాసి ఉంది.

ఆ గల్లీవాళ్లకు బేకరీ అంటే మూలమలుపులో లోయిస్ నడిపేదే. భర్త పోయాక కిరాయి గదిలో ఓవెన్ పెట్టుకుంది. క్రిస్మస్ కేకులు అమ్ముడైతేనే ఆమెకు ఏడాది గడుస్తుంది. సాయంత్రానికల్లా ఆర్డర్లన్నీ వద్దన్నారు. మర్నాడు పొద్దున్నే ఆమె వామన్‌రావు ఇంటికి వచ్చింది.

“గా వీడియో మాది కాదు సార్. మీరు చదువుకున్నోళ్లు పంపిన్రని అందరు నమ్మిన్రు. అబద్ధమని జర గ్రూపుల ఒక్క మాట పెట్టుండ్రి.”

“నాకు తెలుసమ్మా, రాత్రే వెతికి చూసిన, అది వేరే రాష్ట్రంది, పాతది” అన్నాడు వామన్‌రావు తాపీగా. “కానీ వదంతి ఎట్ల పాకుతదో రికార్డు చేస్తున్న. మధ్యల నేను చెయ్యి పెడితే డేటా ఖరాబైతది. పండుగ అయినంక పెడ్త.”

“పండుగ అయినంక నా కేకులు ఎవరు కొంటరు సార్?”

“ఫికర్ చెయ్యకు, థీసిస్‌ల నీ పేరు రాయను” అని అభయమిచ్చాడు!

లోయిస్ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. అహల్య వచ్చి భర్త ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్లూ ఇది ఎవరికీ చెరుపు చెయ్యని పిచ్చి అనుకుంది పాపం.

“చెయ్యి పెట్టరా? మరి పంపిందెవరి చెయ్యి? పరాయోళ్ల ఇంటికి నిప్పు పెట్టి, పొగ ఎటు పోతదో రాసుకుంటున్రా?”

“నీకు పరిశోధన అంటే తెల్వదు.”

అహల్య ఫోను తీసి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. “నేను వామన్‌రావు భార్యను. గా వీడియో అబద్ధం. మా ఆయనకు తెలుసు, తెలిసి గూడ చెప్తలేడు. లోయిస్ కేకులు మేం ఏండ్ల నుంచి తింటున్నం.”

“డిలీట్ చెయ్! కాలేజోళ్లు గూడ ఉన్నరు గా గ్రూపుల!” అని వామన్‌రావు గెంతులేశాడు.

ఆ మెసేజ్ సుల్తాన్ బజార్ దాకా పాకింది. పండుగ ముందురోజు అహల్య బేకరీకి వెళితే అలమారు నిండా కేకులు అలాగే ఉన్నాయి.

“మీ మాట అందరు విన్నరక్కా” అంది లోయిస్. “సార్‌ను తల్చుకొని మస్తు నవ్విన్రు. కేకు మాత్రం ఎవ్వలు అడుగలె. వచ్చే నెల గది ఖాళీ చేస్తున్న.”

అహల్య ఆ మాట మోసుకుని ఇంటికొచ్చి చెబితే వామన్‌రావు మొహం వెలిగిపోయింది.

“చూసినవా! నిజం చెప్పినా జనం మారరని తేలింది. నీ మెసేజ్‌తోని నా ఆఖరి అధ్యాయం పూర్తయింది, అహల్యా!”

“నోర్ముయ్” అంది అహల్య. “గామె పొయ్యి ఆరిపోయిందిరా!”