నా చేతికి సరిపడే తుపాకీ

మా బావ ఎలుగుబంటిని జూలో తప్ప చూడలేదు. అయినా అర్కన్సా కొండల్లో అది నన్ను ఏ వైపు నుంచి తినడం మొదలుపెడుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. అక్టోబరులో మూడు రోజులు వీపున సంచి వేసుకుని ఆ కొండల్లో ఒంటరిగా నడుస్తానని నేనన్నాను. అదీ గొడవ.

నేను బెంటన్‌విల్‌లో మనవాళ్లకి వండి బాక్సులు కట్టే మనిషిని. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. అక్క పిలిపిస్తే అమెరికా వచ్చాను. బావ సాఫ్ట్‌వేర్. లోకంలోని విషయాలన్నీ ఆయనకి ఎక్సెల్ షీటులో తెలుసు. తుపాకులకీ ఒక షీటు వేశాడు. గుండు బరువు, వేగం, దెబ్బ బలం, కొన్నవాళ్లిచ్చిన స్టార్లు, అన్నీ ఉన్నాయి. నా చెయ్యి మాత్రం ఏ గడిలోనూ లేదు.

చివరికి షరతు పెట్టాడు. షీటులో అన్నిటికన్నా పైనున్న ఫార్టీఫోర్ మాగ్నమ్ రివాల్వర్‌ని నేను సరిగ్గా కాల్చగలిగితే వెళ్లొచ్చట, లేకపోతే ఇంట్లో కూర్చోవాలట. అక్క తలూపింది. నలభై రెండేళ్లొచ్చాక పర్మిషన్ పరీక్ష ఏమిటని ఒళ్లు మండింది. అయినా సరేనన్నాను. పరీక్షలు తప్పడంలో నాకున్న అనుభవం వాళ్లకెక్కడిది?

శనివారం పొద్దున ఊరి బయట తుపాకుల కొట్టుకి వెళ్లాం. వెనకాలే కాల్చి చూసుకునే మైదానం ఉంది. ప్రయాణానికి సర్దిన సంచిని, సర్దినట్టే వీపున వేసుకుని కారు దిగాను. బావ నేనెవరో తెలియనట్టు నాలుగడుగులు ముందు నడిచాడు.

ఆ పెద్ద రివాల్వర్‌తో మొదటి గుండు ఎదురుగా నిలబెట్టిన గురి అట్టకి తగిలింది. అంతే, గొట్టం ఆకాశం వైపు లేచింది. దాన్ని దించి మళ్లీ గురిపెట్టేలోపు ఎలుగుబంటి నన్ను తిని చెయ్యి కూడా కడుక్కునేది. రెండోదీ మూడోదీ మట్టిలోకి పోయాయి.

“ఏం మరదలా, ఫెయిలేనా?”

“నువ్వు రాయి బావా పరీక్ష.”

ఆయన ఒక్కసారి కాల్చి, దాన్ని పసిబిడ్డలా బల్ల మీద పడుకోబెట్టి, అరచెయ్యి చాలాసేపు చూసుకున్నాడు.

కొట్టు ముసలాయన నవ్వలేదు. ముందు ఎలుగు మొహాన కొట్టే పెప్పర్ స్ప్రే పెట్టుకోమన్నాడు. మీదికొచ్చే ఎలుగుని ఒక్క గుండు ఆపకపోవచ్చు, రెండోదీ మూడోదీ తగలాలి, అవి తగిలించగలిగిన తుపాకీయే మీకు పెద్ద తుపాకీ అన్నాడు. కాస్త చిన్న గుండు పేల్చే త్రీ ఫిఫ్టీ సెవెన్ రివాల్వర్ తీశాడు. నేను ఆగమని, సంచితోనే పార్కింగ్‌లో రెండు చుట్లు పరిగెత్తి వచ్చాను. నా ఆయాసం తీరేదాకా ఎలుగు ఆగదు కదా. రొప్పుతూనే కాల్చాను. మూడూ నా దోశ పెనమంత చోటులో తగిలాయి.

బావ ఆన్‌లైన్‌లో తెప్పించిన, నడుముకి కట్టుకునే తుపాకీ ఒర కూడా పెట్టి చూశాను. సంచి నడుం పట్టీ బిగించేసరికి ఒర దాని కింద పూర్తిగా కప్పుకుపోయింది. ఎలుగుబంటిని కాస్త ఆగమను, బెల్టు విప్పుకుంటానన్నాను. ఆ చిన్న రివాల్వర్‌నీ, ఛాతీ మీద కట్టుకునే ఒరనీ కొన్నాను.

బావ అప్పటికీ దిగిరాలేదు. “షరతు ఫార్టీఫోర్ గురించి. ఇది లెక్కలోకి రాదు. నేనొప్పుకోను.”

“ఒప్పుకోమని నేనడగలేదు బావా. కొండెక్కేది నా కాళ్లు, కాల్చాల్సొస్తే కాల్చేది నా చెయ్యి. నీ షీటు నువ్వుంచుకో.”

ఆ తర్వాత ప్రతి శనివారం ఆ మైదానానికి ఒక్కదాన్నే వెళ్లి ప్రాక్టీస్ చేశాను.

అక్టోబరులో నన్ను కొండ దగ్గర దింపింది మాత్రం బావే. నడకదారి మొదట్లో ఒక పెట్టె, అందులో వెళ్లేవాళ్లు వివరాలు రాసే పుస్తకం. ఎంతమంది అన్న గడి దగ్గరికి రాగానే ఆయన నా భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఇద్దరని రాయి. ఒంటరి ఆడదానివని చదివినవాళ్లందరికీ తెలియడం దేనికి?”

ఒకటి అని రాశాను. పెన్ను సరిగ్గా పడలేదు. ఆ ఒకటినే మళ్లీ ఒత్తి దిద్దాను.