టీవీలో గుండ్లు, మా ఊరి నిండా గుండ్లు

మా చిన్నప్పుడు... తిరుపతిలో, మా వీధి చివరింట్లో టీవీ ముందు చాప మీద కూర్చుని అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నాకు తొమ్మిదేళ్లు. ఆ సాయంత్రం 'మా నవల' టీవీలోకి వస్తోంది మరి!

మా నవలంటే... వారపత్రికలో ఏడాది పాటు వచ్చిన సీరియల్. అక్క వారం వారం ఆ పేజీలు చించి, దబ్బనంతో కుట్టి, గోడ గూట్లో దాచేది. నాకు చదివి వినిపించేది. వేరే గ్రహం వాళ్లు వచ్చి మనుషుల్ని మింగేసి, వాళ్ల పోలికతోనే ఇళ్లకు వెళ్తారు. గొంతు అదే. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేర్లు కూడా తెలుసు. కాకపోతే ఒంట్లో నరాలు నీలంగా వెలుగుతాయి, అరచేతుల్లో కళ్లుంటాయి. వింటూ అక్క ఓణీలో దూరిపోయేదాన్ని. అయినా ఏదో ధైర్యం... అరచేతులు చూస్తే పట్టేసుకోవచ్చు కదా అని.

టీవీలో నీలం నరాలు లేవు, చేతుల్లో కళ్లూ లేవు. పాపం, ఖర్చుకు వెనకాడారేమో... మనిషిని మింగేసి అతని పోలికతో వచ్చేవాడంటే, అదే నటుడు గుండు చేయించుకుని నడిచొచ్చాడు. అంతే!

"ఏమప్పా, ఈళ్లు యాడో గ్రహం నుంచి కాదు, కొండ దిగొచ్చినట్టుండారే!" అన్నాడు ఆ ఇంటి తాత. అందరూ పగలబడి నవ్వారు. అక్క మాత్రం నవల పాడుచేశారని మొహం మాడ్చుకుంది. నాకేమో మా ఊళ్లో రోజూ కొండ దిగొచ్చే గుండ్లన్నీ గుర్తొచ్చాయి.

మర్నాడు బడికి వెళ్తుంటే బస్టాండు దగ్గర దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, సోడా తాగేవాళ్లు... ఎటు చూసినా గుండ్లే. రోజూ చూసేవే! ఆ రోజు మాత్రం పలక సంచీ గుండెలకు అదుముకుని ఒకటే పరుగు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. "పాపా, తలుపు తీ." నాయన గొంతే. తీశాను.

గుండు. మీసం కూడా లేదు. తల మీద గంధం. చేతిలో లడ్డూ పొట్లం.

"రా పాపా, పెసాదం తీసుకో."

దభాలున తలుపు వేసి గడియ పెట్టేశాను. "అమ్మా! నాయన్ని మింగేసినారు! ఈడు మన నాయన కాదు!"

అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "పిచ్చిదానా, మీ నాయనేనే! నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మొక్కుకున్నాడు. నీకోసరమే తలనీలాలు ఇచ్చొచ్చినాడు!"

నేను వింటేగా! గడియకు అడ్డంగా నిలబడ్డాను. అమ్మను కూడా తినేస్తాడని నా భయం.

బయట ఎండలోంచి నాయన మాట వినిపించింది. "తియ్యొద్దులే, బిడ్డ బెదురుకునింది. దొడ్డి దోవన వస్తా."

అప్పట్నుంచి నాయన ఇంట్లో తలకు తువ్వాలు చుట్టుకునే తిరిగాడు. అన్నం తినేటప్పుడూ, పడుకునేటప్పుడూ. అసలే ఎండాకాలం... మెడ మీద చెమట ధారగా కారుతున్నా తీయలేదు.

నిజం చెప్పనా? నాలుగు రోజులకే నా భయం పోయింది. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. జుట్టు వచ్చేదాకా నాయన అలాగే ఉన్నాడు.

ఇప్పుడు మా పిల్లలు చూసే సీరియళ్లలో పుస్తకంలో రాసింది రాసినట్టు, నరాలతో సహా చూపిస్తున్నారు. వీళ్లేమో చిప్స్ నములుతూ చూస్తారు... భయమూ లేదు, బెంగా లేదు. టీవీ చూసి ఇంట్లోవాళ్లకే తలుపేసిన ఘనులు నాలాగా ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కాస్త తోడుంటుంది.

నాయన ఉన్నన్నాళ్లూ అనలేకపోయిన మాట నాకొకటి మిగిలిపోయింది...

"తువ్వాలు తీసెయ్ నాయనా, నాకు బయం పోయింది."