కంభం చెరువు దాటాక ఒక ఖాళీ గది

కంభం చెరువు చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నా, కదిలింది మాత్రం మా బావ మాట మీద. మార్కాపురంలో ఉండే మా అక్క భర్త ఆయన. లాటరీలో ఆయనకి వైన్ షాపు లైసెన్సు తగిలింది. "చెరువు చూసుకొని, అట్లనే గిద్దలూరు రోడ్డులో షాపుకి మంచి చోటు చూసి రారా. నేను పోతే పోటీవాళ్ళు గుర్తుపడతారు" అన్నాడు. ఖర్చులు ఆయనవే. ఎగిరి గంతేశాను.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో పొద్దున ప్యాసింజరెక్కితే కంభానికి పెద్ద సేపు పట్టదు. చెరువుకి ఆటో అతను వంద రూపాయలు తీసుకున్నాడు. కట్ట మీద గాలి హాయిగా ఉంది, అవతల నల్లమల కొండలు. ఎండెక్కకముందే చూడాలి. తిరిగొస్తూ ఆటో డ్రైవర్ మస్తాన్ దగ్గర వైన్ షాపుల సంగతి కదిపాను.

"రెండుండాయి సార్, పక్కపక్కనే. ఎమ్మార్పీ కదా, రేటు తగ్గించేదానికి లేదు. ఒకడు కూలింగ్ బాగా పెడితే, ఇంకొకడు శనగలు ఊరికే ఇస్తాడు. మూడోది కూడా ఆడనే పెడితే ముగ్గురూ మునుగుతారు."

అందుకే ఊరు దాటి, షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి ఒక క్రాస్ రోడ్డులో దిగాను. టిఫిన్ బండి, దాని పక్కన తాళం వేసిన గది. బండి నడిపే సువార్తమ్మకి ముప్పై ఐదేళ్ళుంటాయి. గుడ్డు దోసె చెప్పి, సాయంత్రం ఇక్కడ జనం ఉంటారా, షాపు పెడితే నడుస్తుందా అని అడిగాను.

"ఉండకపోవడమేంది అన్నా! మిరపకోతల ఆటోలన్నీ ఈడనే ఆగుతాయి. మేస్త్రి కూలి పంచేది కూడా ఈడనే." నా ఇస్త్రీ చొక్కా వైపు చూసి, "మెడికల్ షాపు పెడతారా ఏంది?" అంది.

"చూస్తున్నామమ్మా" అన్నాను. కాదనడానికి నోరు రాలేదు. రాలేదేమిటి, నేనే రానివ్వలేదు.

ఆమె ముఖం వెలిగిపోయింది. "పిల్లకి జ్వరమొస్తే కంభం పోవాల్సి వస్తాండాది. ఈ రూము ఖాళీనే. నంబరియ్యన్నా, ఓనరుకి నేనే చెప్తా." బావ నంబరిచ్చాను. రెండో దోసె వేస్తూ తనే చెప్పుకొచ్చింది: "వైన్ షాపు దూరముండబట్టి బతికినామన్నా. మా ఆయన కూలి చేసి అలిసిపోయి వస్తాడు. అంత దూరం పోయే ఓపిక ఉండదు. ఇంత అన్నం తిని పండుకుంటాడు. అది దగ్గరుంటే ఆ డబ్బులు ఇల్లు చేరవు."

రెండో దోసె సగంలోనే వదిలేసి లేచాను. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి తీసుకుంది. "మా ఊరికి మంచి చేసేటోళ్ళ కాడ తీసుకుంటామా?"

ఆ నోటు జేబులో పెట్టుకొని వచ్చేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, అయినా నిజం చెప్పలేదు. సాయంత్రం రైల్లోంచి బావకి ఫోన్ చేసి, "అక్కడ జనమే లేరు, వద్దు" అన్నాను.

బావ నవ్వాడు. "ఏం మాట్లాడతాండావురా? రూము ఓనరు ఫోన్ చేసినాడు, అడ్వాన్సు కూడా పంపించినా. టిఫిన్ బండామె బాడుగ తగ్గించమని ఆయన కాళ్ళావేళ్ళా పడిందంట. ఎట్ల పట్టినావురా ఆమెను!"

చెరువు ఫోటోలు బాగానే వచ్చాయి. ఇంకా ఒక్కటీ తెరిచి చూడబుద్ధి కాలేదు. మీరు వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ దారిలో ఎవరైనా తిన్నదానికి డబ్బులు వద్దంటే, మిమ్మల్ని ఎవరనుకుంటున్నారో అక్కడే అడగండి, మీరెవరో అక్కడే చెప్పండి. చెయ్యి కడుక్కోకముందే.