గరికకు ఒక చెంబు

చిత్తూరులో పూలతోటల పోటీ కమిటీ మెంబరు పెంచలయ్య పొరుగింటి గరిక మీద కుర్చీ వేసుకుని కాఫీ తాగుతుండగా, ఆయన కుడికాలి చెప్పు మీద చెంబెడు నీళ్లు పడ్డాయి. పోసింది ఆ ఇంటాయనే, రిటైరైన రైల్వే గార్డు జయరావు. పోశాక వంగి చూసి నొచ్చుకున్నాడు.

"అరెరె, దొర గరిక మీద పోయలేదబ్బా, నీ చెప్పు మీద పోసినాడు. చెంబు నీళ్లు దండగ."

దొర ఆయన కుక్క.

జయరావుకున్న పిచ్చి ఒక్కటే. దొర యాడ కాలెత్తితే ఆడ, తడి ఇంకకముందే చెంబెడు నీళ్లు కుమ్మరించాలి. లేకుంటే రెండోనాటికి గరిక కాలి పచ్చటి నేలలో పసుపు మచ్చ తేలుతుంది. అందుకని పొద్దు పొడిచింది మొదలు గూకేదాకా ముందు దొర, వెనక చెంబుతో జయరావు. వీధికి కొత్తవాళ్లు ఆ చెంబును చూసి, పెద్దాయన ఏదో అవసరం మీద పోతున్నాడని మర్యాదగా మొహం తిప్పుకునేవాళ్లు. దొర కూడా బాగా అలవాటుపడింది. కాలెత్తి, వెనక్కి తిరిగి, చెంబు వచ్చిందని చూసుకుని గానీ పని మొదలుపెట్టేది కాదు.

చేలల్లో గరిక పీకలేక నడుములు పడిపోయిన రైతులు గేటు ముందు ఆగి వింతగా చూసేవాళ్లు.

"నీళ్లు పోసి మరీ గరిక పెంచుతాండావా సామీ?"

"ఏం, మీ చేన్లో ఇంత బాగుండాదా?" అనేవాడు జయరావు.

ఆయన భార్య పంకజాక్షి ఒకసారి పెంచలయ్యతో మొర పెట్టుకుంది. "జొరమొచ్చి మూడు దినాలు మంచాన పడింటే గ్లాసుడు నీళ్లిచ్చినాడేమో అడుగన్నా."

"నువ్వు గరిక మీద పడుకోలేదు కదే," అన్నాడు జయరావు.

ఆయన ఆశంతా పోటీలో మంచి గరికకు ఇచ్చే వెండి కప్పు మీద. మూడేండ్లుగా జడ్జీలు రావడం, మచ్చలు చూడడం, పోవడం. ఆ ఏడు, 1946లో, మాత్రం ఒక్క మచ్చ లేదు. "ఈసారి కప్పు మా వీధికే," అని పెంచలయ్య కమిటీలో గుండె మీద చెయ్యేసి చెప్పాడు. సోమవారం పది గంటలకు జడ్జీలు వస్తారు.

సోమవారం ఎనిమిదింటికి మున్సిపాలిటీ కుక్కల బండి వచ్చింది. మెడకు పట్టీ లేని కుక్క కనబడితే పట్టుకుపోయి చంపేస్తారు. దొరకు పట్టీ ఉంది కాబట్టి పెంచలయ్య నిశ్చింతగా గడ్డం గీసుకోవడానికి కూర్చున్నాడు.

గడ్డం సగంలో ఉండగా అరుపులు వినబడి గోడ మీదుగా తొంగిచూశాడు. గరిక మీద దొర కాక పదకొండు వీధికుక్కలు. ఒకదాని మెడలో జయరావు నడుము బెల్టు, ఒకదానికి పరుపుచుట్ట పట్టీ, మిగతావాటికి ఎర్రగుడ్డ పీలికలు, పచ్చగుడ్డ పీలికలు. ముప్పై ఏండ్లు రైళ్లకు ఊపి, పంకజాక్షిని కూడా తాకనివ్వకుండా పెట్టెలో దాచుకున్న జెండాలవి.

గేటు దగ్గర బండివాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "అన్నీ మీవేనా సామీ?"

"నావే," అన్నాడు జయరావు, జారిపోతున్న నిక్కరును ఒక చేత్తో పట్టుకుని. "పేర్లు ఇంకా పెట్టలా."

బండి ఖాళీగా వెళ్లిపోయింది. పదింటికి జడ్జీలొచ్చారు. పదకొండు కుక్కలూ గరికను తవ్వి, పొర్లి, మూలకొకటిగా కాళ్లెత్తుతుంటే గేటు బయటినుంచే చూసి, పక్క వీధికి నడిచారు.

పెంచలయ్య సగం గడ్డంతోనే పరుగెత్తుకొచ్చాడు. "మూడేండ్లు చెంబు మోసింది దీనికేనా జయరావప్పా? నీ కప్పు పాయ, నా మాట పాయ. కమిటీలో మొగం యాడ పెట్టుకునేది నేను?"

జయరావు చేతిలోని చెంబును ఒక మూల కుమ్మరించాడు.

"ఆ రెండో చెంబు అందుకోబ్బా, ఎర్రగుడ్డోడు కాలెత్తినాడు."