పదకొండు వరుసల ప్యాచ్, ఒక రొయ్యల గుంట

ఇది ఒక మహాయుద్ధం కథ. మూడు ఖండాల యోధులు, వారాల తరబడి పోరు, ఫలితం కోసం నీళ్లలో ఎదురుచూస్తున్న లక్షల ప్రాణాలు. ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. కాకపోతే యోధులంతా కుర్చీల్లో కూర్చుని ఈమెయిళ్లు రాసుకున్నారు. ఆ ప్రాణాలు రొయ్యలవి. పోరంతా పదకొండు వరుసల కోడు ఎక్కడ పెట్టాలన్న దాని మీద. లేచి వెళ్లిపోవాలనుకునేవాళ్లకు ఇదే మంచి సమయం.

మా పెద్దమ్మ కూతురికి మైపాడు దారిలో రొయ్యల గుంట ఉంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఐదు నిమిషాలకోసారి కొలిచి మెమరీ కార్డులో రాసే డబ్బా ఒకటి గట్టు మీద పెట్టించింది. పొద్దున్నే ఆ అంకెలు చూసి మేత వేయాలా వద్దా తేల్చుకుంటుంది. ఆక్సిజన్ పడిపోయిన గుంటలో రొయ్య మేత ముట్టదు. వేసిన మేత అడుగున కుళ్లి, మిగిలిన కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. పట్టుబడికి ఇంకా ఇరవై రోజులుంది. అంటే రొయ్యలు ఏపుగా పెరిగి, చస్తే బాగా నష్టం చేయగల వయసుకు వచ్చాయి.

ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది.

"రే, ఈ డబ్బా నాలుగుచోట్ల సున్నా చూపిస్తా ఉండాది. నీళ్లల్లో గాలే లేదంట. నీళ్లల్లో దించిన చెక్ ట్రే ఎత్తితే రొయ్యలేమో ఎగిరెగిరి పడతా ఉండాయి. ఏది నమ్మేది?"

"రొయ్యల్నే నమ్మక్కా. చచ్చినవి ఎగరవు."

"నీ యెగతాళి తర్వాత. ట్రేలోకొచ్చినవి పది. అడుగున ఉండేవాటి సంగతేంది? మేత ఎయ్యాలా వొద్దా?"

నేను ఇందుకూరుపేటలో ఇంటి నుంచి పనిచేసే ప్రోగ్రామర్ని. మా ఇంట్లో ఆ మాటకు టీవీ రిమోట్ బాగుచేసేవాడని అర్థం. వెళ్లి కార్డు తీసి చూశాను. రాత్రి నాలుగుసార్లు కరెంటు పోయిందట. జనరేటర్ అందుకునే లోపు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లతో పాటు డబ్బా కూడా ఆగిపోయింది. ఆ డబ్బాను నడిపేది కెర్నల్ అనే మూల ప్రోగ్రాం, ఎవరైనా చదివి మార్చుకోగల ఓపెన్ సోర్స్ సరుకు. అందులో కార్డు మీద ఏది ఎక్కడుందో చూసుకునే భాగం పేరు ఫైల్‌సిస్టమ్. అది 'ఫైలు ఇంత పెరిగింది' అని ముందే రాసేసుకుని, అసలు అంకెల్ని తర్వాత తీరిగ్గా రాస్తోంది. మధ్యలో కరెంటు పోతే ఫైలు పొడవు మిగులుతుంది, లోపల సున్నాలుంటాయి. డబ్బా ఆ సున్నాల్ని నిజాయితీగా చదివి గుంటకు చావు కబురు చెబుతోంది. అక్కకు కావలసింది సరిగ్గా ఏరేటర్లు ఆగే ముందూ వెనకా నిమిషాలు. పోతున్నవీ అవే.

ముందు అంకెలు, తర్వాత పొడవు. ఇంతే మార్పు, పదకొండు వరుసల అతుకు. దాన్నే ప్యాచ్ అంటారు. కెర్నల్ వాళ్ల మెయిలింగ్ లిస్టుకు పంపాను. ఒక్క నిమిషంలో జవాబొచ్చింది. ప్రపంచం నన్ను గుర్తించిందనుకున్నాను. నా మెయిల్లో రంగు అక్షరాలున్నాయని, అక్కడ ఉత్త అక్షరాలే తీసుకుంటారని ఒక యంత్రం తిప్పికొట్టింది.

రెండోసారి మనుషులే పలికారు. ఆ ఫైల్‌సిస్టమ్‌కు బాధ్యుడైన పెద్దాయన, ఈ జబ్బు అన్ని ఫైల్‌సిస్టమ్‌లకూ ఉంది కాబట్టి మందు పైనున్న ఉమ్మడి పొరలో వేయమన్నాడు. ఉమ్మడి పొర చూసుకునే ఆవిడ, ఒక్కొక్కరి దురలవాట్లు మోయడానికి మా పొర లేదు, కిందే వేసుకోండి అంది. నేను మూడో వెర్షన్ పైన పెట్టాను, నాలుగోది కింద పెట్టాను. ఐదోది సగం పైన, సగం కింద పెడితే ఇద్దరూ ఏకమై తిట్టారు. నా వల్ల వాళ్లు కలిసింది ఆ ఒక్కసారే.

పదో రోజు గుంట దగ్గర షెడ్డులో అక్క అడిగింది. "మధ్యలో ఆ పొర యెందుకురా?"

మేత వేసే అన్న అప్పుడే థర్మాకోల్ తెప్ప దిగి వస్తున్నాడు. ఆయన్ను చూపిస్తూ చెప్పాను. "నువ్వు అన్నకు మేత ఎయ్యమని ఒక మాట చెప్తావు. ఏ మూల ఎంత చల్లాలో ఆయన చూసుకుంటాడు. పైనుంచి మాట చెప్పే నువ్వు ఆ పొర, కింద చల్లే అన్న ఫైల్‌సిస్టమ్."

"నన్నెందుకు లాగుతావు సామీ," అన్నాడు అన్న.

"సరే, తగువేంది?" అంది అక్క.

"మేత పడకముందే వేసినట్టు పలక మీద రాసేస్తున్నారు. అది అన్న తప్పా, నీ తప్పా అని."

అక్క షెడ్డు గోడకున్న పలక చూపించింది. "మా దెగ్గిర తెప్ప దిగినాకనే రాసేది. చల్లినోడే రాయాల. నేను గట్టు మీద నిలబడి రాస్తే నాకేం తెలస్తాది యెంత పడిందో? దీనికి ఇంతమందా?"

ఆ మాటల్నే ఇంగ్లీషులో ఆరో వెర్షన్‌కు వివరణగా రాశాను. తర్వాత వచ్చిన మెయిళ్లన్నీ మేత గురించే. చల్లేవాడు తెప్ప మీదే కూలిపోతే ఎలా అని ఒకరు. తెప్పలు రెండుంటే ఎలా అని ఇంకొకరు. శాకాహారులకు అర్థమయ్యే ఉదాహరణ ఇవ్వమని మరొకరు. చివరికి పెద్దాయన, చల్లినవాడే రాయాలన్నది న్యాయమే, ప్యాచ్ కిందే ఉండనీ అన్నాడు. ఉమ్మడి పొర ఆవిడ ఈ మాట నేను మొదటి రోజే చెప్పాను అంది. నిజమే, చెప్పింది.

ఈ న్యాయం తేలేసరికి ఐదు వారాలైంది. అక్క మాత్రం షెడ్డులో మాట్లాడుకున్న మర్నాడే, "మీరు తేల్చుకునేదాకా రొయ్య ఆగదు," అని ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి డబ్బాకు పాత ట్రాక్టర్ బ్యాటరీ తగిలించింది. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా డబ్బా ఆగలేదు, సున్నాలు రాలేదు. రెండు రోజులు ఆక్సిజన్ నిజంగానే పడిపోయింది. ఆ రెండు రోజులూ మేత ఆపింది. పట్టుబడి నాడు వల నిండా రొయ్యలు ఎగిరెగిరి పడ్డాయి.

నా ప్యాచ్ కొత్త కెర్నల్లోకి వెళ్లింది. అక్క డబ్బాలో ఉన్నది పాత కెర్నల్. డబ్బా తయారుచేసినవాళ్లు దానికి ఇక కొత్తవి ఇవ్వరట. ట్రాక్టర్ బ్యాటరీలో మాత్రం నెలకోసారి మూతలు తీసి చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి.