అక్క కారులో నల్ల ఆయిల్

మెకానిక్ ఏ గేరు ఆయిల్‌నైనా బొటనవేలికి రాసుకుని, వాసన చూసి, కళ్లు మూసుకున్నాకే మాట్లాడతాడు. తన అక్క పాత ఆటోమేటిక్ కారు విషయంలోనూ అంతే చేశాడు. "అరిగిన గేరుబాక్సుకి పట్టు ఇచ్చేది ఈ నల్ల ఆయిలే అక్కా, మార్చొద్దు." "తారులా ఉంది, మార్చరా!" అంది అక్క. ఆమెకు ఎదురుచెప్పడం అతనికి చిన్నప్పట్నుంచీ చేతకాదు. మార్చాడు. తీసినదాన్ని మాత్రం పారబొయ్యకుండా డబ్బాలో పోసి బల్ల కింద పెట్టాడు.

మర్నాడు అక్క కారును తాడుతో లాగించుకొచ్చింది. ఇంజన్ గీపెడుతోందే గానీ చక్రం కదలదు. "నిక్షేపంలాంటి బండిని పాడుచేశావు కదరా!" అతను కొత్త ఆయిల్ దించి, డబ్బాలోని పాతదాన్ని వడకట్టి పోశాడు. కారు బుద్ధిగా కదిలింది. "ఈ మంచి ఆయిలేదో నిన్ననే పోసుండొచ్చుగా?" అంది అక్క. అతను బొటనవేలు వాసన చూసుకుని, కళ్లు మూసుకున్నాడు. ఈసారి ఏమీ మాట్లాడలేదు.