నూకాలత్తకు నేను తప్పుగా చదివిన కోర్టు కాగితం

మా చిన్నప్పుడు... అంటే నేను ఏడో తరగతిలో ఉన్న రోజుల్లో, కొవ్వూరు దగ్గర మా వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. క్లాసులో ఫస్టు. పద్యాలు గడగడా అప్పజెప్పేదాన్ని. పెద్దవాళ్ళు నా ఎదురుగా కూర్చుని, నేనేం చెబుతానా అని నా మొహంలోకి చూస్తుంటే... ఆ గొప్ప అంతా ఇంతా కాదు.

ఒకరోజు పొద్దున్నే నూకాలత్త వచ్చింది. మా పక్కిల్లే. మామయ్య పోయాక చేపలమ్ముకుని ఇద్దరాడపిల్లల్ని పెంచుకుంటోంది. గంప అరుగు మీద దించి, రొండిన దోపుకున్న కాగితాలు తీసింది.

"కోర్టు బంట్రోతు ఇచ్చెళ్ళాడమ్మడూ. వేలిముద్ర ఏయించుకున్నాడు. ఏం రాశారో చూడు."

నాలుగైదు కాగితాలు, దారంతో కుట్టి ఉన్నాయి. వాది, ప్రతివాది, సదరు, దావా ఆస్తి... ఒక్క వాక్యమూ తిన్నగా అర్థం కాలేదు. ఆ మాట చెప్పడానికి మనసు రాలేదు. చివర ఒక్క వాక్యం మాత్రం పట్టుకున్నాను. 'మీరు హాజరు కానియెడల మీ పరోక్షమున దావా విచారించి తీర్పు చెప్పబడును' అని. పరోక్షం నాకు తెలుసు. ప్రత్యక్షానికి వ్యతిరేక పదం. అంతకు ముందు వారమే పరీక్షలో రాసి మార్కు తెచ్చుకున్నాను.

"నువ్వెళ్ళక్కర్లేదత్తా. నువ్వు లేకపోయినా వాళ్ళే విచారించి తీర్పు చెప్పేస్తారట" అన్నాను.

అత్త కాగితాలు మడిచింది. నాన్నగారు ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఒకసారి చూపిద్దామా అని అడిగింది. నాకు రోషం వచ్చింది. నేను చదివాను కదా, మళ్ళీ ఎందుకు అన్నాను.

సరేలే అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ దావా వేసింది అత్త వాళ్ళ బావగారు. ఇంటి పక్కన ఆవిడ చేపలు ఎండబెట్టుకునే రెండు సెంట్ల జాగా తనదేనని. అది మామయ్య వాటాకి వచ్చిందని ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ ఊరికి తెలిస్తే చాలదట... కోర్టులో ఎవరో ఒకరు చెప్పాలి. వాయిదా రోజున అత్త పేరు మూడుసార్లు పిలిచారట. ఆ సమయానికి ఆవిడ చేపల గంపతో వీధులు తిరుగుతోంది.

ఆర్నెల్ల తర్వాత కోర్టు వాళ్ళు టేపు పట్టుకుని వచ్చి రాళ్ళు పాతుతుంటే గానీ సంగతి తెలియలేదు. అత్త ఏడుస్తూ నాన్న దగ్గరికి వచ్చింది. కాగితం అందితే ఎందుకు వెళ్ళలేదమ్మా అని నాన్న అడిగితే, మర్చిపోయానని చెప్పింది. మర్నాడు ఆవిణ్ణి ప్లీడరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. స్కూలుకి సెలవు కావడంతో నేనూ వెళ్ళాను.

ప్లీడరు గారు నెమ్మదిగా విడమరిచి చెప్పారు. ఒకరు దావా వేస్తే రెండోవాళ్ళకి కబురు పంపకుండా కోర్టు తీర్పు ఇవ్వదు. ఆ కబురే సమన్లు. అది అందుకుని కూడా రాకపోతే అవతలివాళ్ళ మాట ఒక్కటే విని తేల్చేస్తారు. సరైన కారణం చూపిస్తే కేసు మళ్ళీ తెరుస్తారు. దానికి గడువు ముప్పై రోజులు. అదీ దాటిపోయింది కాబట్టి, ఇంత ఆలస్యం ఎందుకైందో కూడా చెప్పుకోవాలి.

"నీకు చదువు రాదు కదమ్మా. ఎవరైనా చదివిపెట్టారా? తప్పుగా చెప్పారా? అలాగైతే అదే రాద్దాం, జడ్జిగారు వినొచ్చు" అన్నారు.

చదివింది నేనే అనాలి... నోటిదాకా వచ్చింది. కానీ నాన్న ముందు, ప్లీడరు గారి ముందు, ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లని...

నూకాలత్త నా వైపు చూడనైనా చూడలేదు.

"ఎవరూ చదవలేదండి. నేనే పెట్టెలో పడేసి మర్చిపోయానండి."

ఆయన అలాగే రాశారు. మర్చిపోవడం కారణం కాదని కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. పై కోర్టుకి వెళ్ళే ఓపిక అత్తకి లేదు.

నెల తిరక్కుండా గోడ లేచింది, ఆవిడ గుమ్మానికి మూరెడు దూరంలో. ఆ తర్వాత చేపలు గోదారి గట్టు మీద ఎండబెట్టుకునేది. మిట్టమధ్యాహ్నం ఎండలో కర్ర పట్టుకుని కాకుల్ని తోలుకుంటూ కూర్చునేది. నేను సైకిల్ మీద పోతూ తల పక్కకి తిప్పుకునేదాన్ని. ఆవిడే పలకరించేది... లారీలొస్తాయి, జాగ్రత్తగా వెళ్ళమని.

మూడేళ్ళకి, పదో తరగతి పరీక్షలయ్యాక, ఆ గట్టు మీదే ఆవిడ పక్కన కూర్చుని చెప్పేశాను. అర్థం కాకపోయినా అర్థమైనట్టు చెప్పానత్తా, తప్పు నాదే అన్నాను. ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది.

"తెలుసులేమ్మా. రాళ్ళు పాతిన రోజే తెలిసింది. నీ పేరు చెబితే నిన్ను బోనెక్కించి అడుగుతారేమోనని భయమేసింది. చిన్నపిల్లవి కదా."

అంతే. తప్పు లేదని అనలేదు... క్షమించాననీ అనలేదు. నేనూ అడగలేకపోయాను.

ఇప్పుడైతే ఫోన్‌తో ఫొటో తీస్తే కాగితంలో ఏముందో అదే చదివి చెబుతోంది. లేనివాళ్ళకి ఉచితంగా ప్లీడర్ని పెడుతున్నారు. అప్పట్లో ఒక వీధి వీధంతా పన్నెండేళ్ళ పిల్ల మీద ఆధారపడింది... ఆ పిల్లకి 'నాకు అర్థం కాలేదు' అనడం చేతకాలేదు.

మీరూ ఎప్పుడైనా తెలియని సంగతి తెలిసినట్టు చెప్పి, దాని ఫలితం ఇంకొకరు పడటం చూశారా... ఉంటే రాయండి. రాసుకుంటే బరువు తగ్గుతుందో లేదో నాకూ తెలియదు.

అత్త పోయి నాలుగేళ్ళయింది. ఆ కాగితం చదివింది నేనేనని నాన్నకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఈ మధ్యే ఆయనా ఇక్కడ అకౌంట్ తెరిచారు, నేను రాసేవన్నీ చదువుతున్నారు.

ఇదీ చదవాలనే రాశాను.